ఉగాది కార్డుకు అచ్చు మనమే చెక్కుకుందాం

స్టేషనరీ షాపుకెళ్లి కార్డుల మీద వేసే స్టాంపులు అడగండి. గులాబీలు, సీతాకోకచిలుకలు, ఇంగ్లీషులో ‘హ్యాపీ బర్త్‌డే’, ‘థ్యాంక్యూ’ తీసి చూపిస్తారు. ‘ఉగాది’ అని తెలుగులో ఉన్న స్టాంపు నాకైతే ఇంతవరకూ ఏ షాపులోనూ కనిపించలేదు. మామిడాకు ఉండదు, వేపపువ్వు ఉండదు. మన పండక్కి మన అక్షరంతో కార్డు పంపాలంటే అచ్చు మనమే చెక్కుకోవాలి. పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరు, ఒక కట్టర్, ఒక స్టాంప్ ప్యాడ్ ఉంటే చాలు. ఒక ఆదివారం అచ్చులకు, ఇంకో ఆదివారం కార్డులకు పెట్టుకోండి. రెండో ఆదివారం సాయంత్రానికి ఇరవై కార్డులు చేతిలో ఉంటాయి.

మొదటి ప్రయత్నానికి ఉగాదినే తీసుకోమంటాను. దాని గుర్తులు చెక్కడం తేలిక. మామిడాకు అంటే రెండు వంపులు, మధ్యలో ఒక ఈనె. వేపపువ్వుకు అయిదు రేకులు. చేయి కాస్త తిరిగాక దీపావళికి ప్రమిద, సంక్రాంతికి ముగ్గు, గృహప్రవేశానికి గడప మీరే చెక్కేస్తారు.

ఏమేం కావాలి

తెల్లటి నాన్‌డస్ట్ రబ్బర్లు, పెద్ద సైజువి, నాలుగైదు కొనండి. గోటితో నొక్కితే కొంచెం లోపలికి దిగి మళ్లీ పైకి వచ్చే రబ్బరు మంచిది. గట్టిగా, గరుకుగా ఉండే ఇంకు రబ్బర్లు వద్దు, చెక్కుతుంటే పొడిపొడిగా రాలిపోతాయి. పెన్నులా పట్టుకోవడానికి వీలుండే సన్న బ్లేడు కట్టర్ ఒకటి. ఆర్ట్ సామాన్లు అమ్మేచోట లినో కట్టర్ దొరికితే అదీ తీసుకోండి. దాని మొన గాడిలా ఉండి రబ్బరును సన్నటి పోగులా పైకి లేపుతుంది, పని సగం తగ్గిపోతుంది. బటర్ పేపర్, 2బి లేదా 4బి పెన్సిల్, స్టీలు స్కేలు, ఒక చెంచా. రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్ ఏదైనా ఉంటే పారేయకండి, దానితో పనుంది.

కాగితం విషయంలో మాత్రం తొందరపడకండి. మనం రోజూ వాడే జిరాక్స్ కాగితం 70, 80 జీఎస్‌ఎం ఉంటుంది. జీఎస్‌ఎం అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. కార్డు నిలబడాలంటే 250 నుంచి 300 జీఎస్‌ఎం కావాలి. మెరిసే ఆర్ట్ కార్డు తీసుకోవద్దు. అది ఇంకును పీల్చుకోదు, చేయి తగిలితే బొమ్మ అలుక్కుపోతుంది. మెరుపు లేకుండా నున్నగా ఉన్న తెల్ల కార్డు షీటు అడగండి. హ్యాండ్‌మేడ్ పేపర్ చూడటానికి ఎంతో బాగుంటుంది గానీ, ఆ గరుకు మీద సన్న గీతలు తెగిపోయినట్టు పడతాయి. చేయి కుదిరాక దాని జోలికి వెళ్లొచ్చు.

ఇంకుల సంగతి

ఇంట్లో వేలిముద్రలకు, ఆఫీసు కాగితాలకు వాడే ఊదారంగు ప్యాడ్ ఉంటే సాధనకు అది చాలు. కార్డుకు మాత్రం వద్దు. అది ఆరడానికి చాలాసేపు పడుతుంది, తడి తగిలితే పాకుతుంది. నా మొదటి కార్డులు అలాగే పోయాయి. పన్నెండు కార్డులు వేసి, ఆరాయనుకుని ఒకదాని మీద ఒకటి పేర్చాను. మార్చి ఉక్కపోత, చేతి చెమట కలిసి ప్రతి కార్డు వెనకా ముందు కార్డు ఆకులు దిగిపోయాయి.

కార్డుల కోసమే అమ్మే ఇంకుల్లో ముఖ్యంగా రెండు రకాలు తెలుసుకుంటే చాలు. డై ఇంకు గుడ్డకు పట్టిన పసుపు మరకలాంటిది, కాగితంలోకి ఇంకిపోతుంది. త్వరగా ఆరుతుంది, సన్నగీతలు చక్కగా వస్తాయి, కానీ ఎండ తగిలేచోట పెడితే కొన్నాళ్లకు వెలుస్తుంది. పిగ్మెంట్ ఇంకు గోడకు వేసిన సున్నంలాంటిది, పైన పొరగా నిలుస్తుంది. నిదానంగా ఆరుతుంది, తొందరగా వెలవదు, రంగు కాగితం మీద కూడా కనిపిస్తుంది. కవరులో వెళ్లి బీరువాలో ఉండే కార్డుకు డై ఇంకు చాలు. షోకేసులోనో, ఫ్రిజ్ మీదో నిలబెడతారనుకుంటే పిగ్మెంట్ వాడండి. రంగులు ఎక్కువ కొనొద్దు. ముదురు ఆకుపచ్చ ఒకటి, కుంకుమ ఎరుపు ఒకటి. ఈ రెండింటితో ఉగాది అంతా చెప్పొచ్చు.

ప్యాడ్ కొనడం ఇష్టం లేకపోతే ఇంట్లోనే చేసుకోవచ్చు. కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ అద్దకం చేసేవాళ్లు చెక్క అచ్చును నేరుగా రంగులో ముంచరు. రంగు తొట్టెలో ఉంటుంది, దాని పైన పరిచిన పొరలు రంగును పీల్చుకుని పైకి తెస్తాయి, అచ్చు ఆ పై పొరను మాత్రమే తాకుతుంది. అందుకే గాళ్లలోకి రంగు దిగకుండా గీతలకే అంటుతుంది. అదే పద్ధతి మనకూ పనికొస్తుంది. ఒక డబ్బా మూతలో పలుచటి స్పాంజి ముక్క పెట్టి, దాని మీద పాత పంచె గుడ్డ రెండు మడతలు వేయండి. పోస్టర్ కలర్‌ను దోసెపిండి కన్నా కాస్త పలచగా కలిపి స్పాంజికి పట్టించండి. గుడ్డ మీద వేలు పెడితే వేలికి రంగు అంటాలి, చుక్క కారకూడదు.

అక్షరం చెక్కడం

రబ్బరును బటర్ పేపర్ మీద పెట్టి చుట్టూ గీత గీయండి. ఆ గీత లోపల అక్షరాన్ని మెత్తటి పెన్సిల్‌తో మామూలుగానే, చదివేటట్టే రాయండి. కాస్త లావుగా, గీత మందం కనీసం 2 మిల్లీమీటర్లు ఉండేలా. ఇప్పుడు పెన్సిల్ వైపు కిందికి వచ్చేలా కాగితాన్ని రబ్బరు మీద బోర్లించి, చెంచా వెనకవైపుతో గట్టిగా రుద్దండి. కాగితం తీస్తే రబ్బరు మీద అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. అలా ఉంటేనే కార్డు మీద సరిగ్గా పడుతుంది. నేను మొదట్లో తొందరపడి పెన్నుతో నేరుగా రబ్బరు మీదే ‘ఉ’ రాసి గంటసేపు చెక్కాను. అచ్చు వేసి చూస్తే అక్షరం కుడి ఎడమైపోయింది. బటర్ పేపర్ దాటెయ్యాలని ఎప్పుడనిపించినా ఆ గంట గుర్తొస్తుంది.

‘ఉగాది’ మూడక్షరాలూ ఒకే రబ్బరు మీద చెక్కకండి. ఒక్కో అక్షరానికి ఒక్కో ముక్క. ఒకటి చెడితే అదొక్కటే పోతుంది.

తెలుగు అక్షరాలన్నీ దాదాపు గుండ్రమే. అందుకని కట్టర్‌ను వంపు తిప్పుతూ కోయాలని చూస్తాం, అక్కడే గీత వంకర పోతుంది. కట్టర్ పట్టుకున్న చేయి కదలకూడదు. రెండో చేతిలోని రబ్బరు తిరగాలి. బత్తాయి తొక్క తీసేటప్పుడు కత్తి ఒకచోటే ఉంచి కాయను తిప్పుతాం కదా, అదే పద్ధతి. ‘ఉ’ మెలికల దగ్గర ఇలా చేస్తే కోత ఎక్కడా ఆగకుండా వస్తుంది.

బ్లేడు నిటారుగా కాకుండా అక్షరం నుంచి బయటికి వాలేలా దించండి. అంటే అక్షరం పైన సన్నగా, కింద వెడల్పుగా, ఇసుక గట్టులా నిలబడాలి. లోపలికి వాలేలా కోశారంటే గీత అడుగు డొల్లై, నాలుగు అచ్చులకే విరిగిపోతుంది. లోతు 2, 3 మిల్లీమీటర్లు చాలు. అక్షరం వెంబడి ఒక కోత, దానికి కొంచెం దూరంలో ఎదురు వాలుగా ఇంకో కోత పెడితే మధ్యలోని రబ్బరు వత్తిలా లేచి వస్తుంది. అలా అక్షరం చుట్టూ కాలువ తీశాక, మిగతా భాగాన్ని పలుచటి పలకలుగా తీసేయండి.

‘ది’ గుడి లోపల, ‘ద’ కడుపులో ఉండే చిన్న ఖాళీలు కట్టర్‌కు అందవు. పాత మైక్రోటిప్ పెన్సిల్ మొన దగ్గర సన్న లోహపు గొట్టం ఉంటుంది. దాన్ని నిటారుగా నొక్కి తిప్పితే గుండ్రటి చిన్న ముక్క ఊడి వస్తుంది. పక్కపక్కనే రెండు మూడుసార్లు అలా తీస్తే ఖాళీ తయారు. వేపపువ్వు మధ్యలో చుక్కకు కూడా ఇదే వాడండి.

కోత ఎప్పుడూ మీ వేళ్లకు ఎదురుగా రాకూడదు. బ్లేడు మొద్దుబారిందనిపించగానే మార్చేయండి. మొద్దు బ్లేడును బలంగా తోసినప్పుడే జారి చేతికి దిగుతుంది.

చెక్కాక వెంటనే కార్డు మీదికి వెళ్లొద్దు. చిత్తు కాగితం మీద నాలుగు అచ్చులు వేసి చూడండి. అక్షరం చుట్టూ అక్కడక్కడా ఇంకు చారలు పడితే అక్కడ రబ్బరు ఇంకా ఎత్తుగా ఉందని అర్థం, ఆ చోటు కాస్త చెక్కండి. కొంతమంది ఆ చారలు కావాలనే ఉంచుకుంటారు, చేత్తో చేసినట్టు తెలుస్తుందని. ఆకు చుట్టూ ఉంటే నాకూ ఇష్టమే. అక్షరం చుట్టూ ఉంటే చదవడానికి అడ్డం, తీసేయడమే మంచిది.

ఇక మూడు ముక్కలూ కలపాలి. ఇక్కడ చాలామంది తికమక పడతారు. ముక్కలను చెక్కిన వైపు కిందికి ఉండేలా బల్ల మీద బోర్లించండి. పైనుంచి చూస్తే ఎడమ నుంచి కుడికి ఉ, గా, ది వరసలో ఉండాలి. స్కేలు ఆనించి వరస సరిచేసి, వీపుల మీద బంక రాసి, పైనుంచి ఒక చెక్క ముక్కో, మందపాటి అట్టో అతికించండి. అలా బోర్లించి అతికిస్తే వరస ఎప్పుడూ తప్పదు.

అచ్చులో సంవత్సరం పేరు మాత్రం చెక్కకండి. అదే పేరు మళ్లీ రావాలంటే అరవై ఏళ్లు పడుతుంది. దాన్ని కార్డు లోపల చేత్తో రాయండి. ‘ఉగాది’ అచ్చు ఏటేటా పనికొస్తుంది.

మామిడాకు ఈ మూడక్షరాల కన్నా తేలిక. సుమారు 4 సెంటీమీటర్ల పొడవు, కొస సన్నగా. నడిమి ఈనె ఒకటి, అటూ ఇటూ నాలుగేసి పక్క ఈనెలు కోస్తే చాలు. పక్క ఈనెలు అంచు దాకా లాగొద్దు, అంచుకు కొంచెం ముందే ఆపండి. అప్పుడు ఆకు చుట్టుగీత గట్టిగా నిలుస్తుంది.

కార్డు మడత

ఎ4 షీటును అడ్డంగా సగానికి కోస్తే రెండు ముక్కలు. ఒక్కోదాన్ని మళ్లీ సగానికి మడిస్తే 105 x 148 మిల్లీమీటర్ల కార్డు వస్తుంది, ముక్క కూడా వృథా కాదు. దీనికి సరిపోయే కవరును సి6 అంటారు, 114 x 162 మిల్లీమీటర్లు.

మందపాటి కార్డును ఊరికే మడిస్తే మడత దగ్గర పగులుతుంది. ఆ రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్ ఇందుకే. మడత పడాల్సినచోట స్కేలు పెట్టి దానితో గట్టిగా ఒక గీత లాగండి. ఆ గీత వెంబడి మడిచి, చెంచాతో రుద్దండి. ఇంకో సంగతి, షీటును చేత్తో మెల్లగా వంచి చూస్తే ఒకవైపు సులువుగా వంగుతుంది, ఇంకోవైపు మొరాయిస్తుంది. కాగితంలోని నార ఏ వైపు సాగి ఉందో దాన్నిబట్టి అలా ఉంటుంది. సులువుగా వంగే వైపు మడత పడేలా చూసుకుంటే కార్డు నీటుగా మూసుకుంటుంది.

అద్దకం

కార్డును విప్పి, కింద నాలుగు మడతల న్యూస్‌పేపర్ వేయండి. గట్టి బల్ల మీద నేరుగా వేస్తే మధ్యలో అచ్చు సరిగా పడదు, అడుగున కొంచెం మెత్తదనం కావాలి.

అచ్చును ప్యాడ్ మీద బలంగా నొక్కకండి. మెల్లగా పది సార్లు తట్టండి. పెద్ద అచ్చు అయితే దాన్ని వెల్లకిలా పెట్టి, ప్యాడ్‌నే చేత్తో పట్టుకుని పైనుంచి తట్టడం ఇంకా మేలు. ఎక్కడ ఇంకు అంటిందో, ఎక్కడ అంటలేదో కంటికి కనిపిస్తుంది. వెలుతురుకు అడ్డం పెట్టి చూడండి, గీతలన్నీ తడిగా మెరవాలి, గాళ్లలో ఇంకు నిలవకూడదు.

కార్డు మీద దించి, మూడు అంకెలు లెక్కపెట్టేదాకా తిన్నగా నొక్కి, ఒక చేత్తో కార్డు పట్టుకుని అచ్చును నిటారుగా లేపండి. ఆఫీసులో ముద్ర కొట్టినట్టు అటూ ఇటూ ఊపితే అంచులు రెండుగా పడతాయి. ఈ పొరపాటు అందరూ చేస్తారు, చిత్తు కాగితం మీద పదిసార్లు వేస్తే పోతుంది.

ఇప్పుడు తోరణం. పైన పెన్నుతో కొంచెం సాగిన దారం గీయండి. దాని మీద ఆకులు పక్కపక్కనే వేస్తే ఏదో బోర్డుకు మేకులు కొట్టినట్టు ఉంటుంది. నిజం తోరణంలో ఒక ఆకు ఇంకో ఆకును కప్పుతుంది కదా. అలా రావాలంటే వెనకాల జిగురున్న చిన్న నోట్ కాగితం మీద ఆకు అచ్చు ఒకటి వేసి, అంచు వెంబడి కత్తిరించుకోండి. కార్డు మీద మొదటి ఆకు వేసి, ఆరాక దాని మీద ఈ కాగితపు ఆకును అంటించండి. ఇప్పుడు రెండో ఆకును సగం దాని మీద, సగం బయటికి పడేలా వేయండి. కాగితం తీసేస్తే రెండో ఆకు మొదటిదాని వెనక నుంచి తొంగి చూస్తుంది. మొదటిసారి ఆ కాగితం లేపి చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది. అందుకే ఎవరికి నేర్పినా తోరణంతోనే మొదలుపెడతాను.

వెనక ఆకులకు మళ్లీ ఇంకు అద్దకండి. ఒకసారి వేశాక అచ్చు మీద మిగిలిన ఇంకుతోనే రెండో ముద్ర వేస్తే రంగు లేతగా వస్తుంది. ముందు ముదురు, వెనక లేత, ఒకే ప్యాడ్‌తో రెండు పచ్చలు.

తోరణం పైన మూడో వంతులోనే ఆపేయండి. కింద ‘ఉగాది’ ఎర్రగా ఒక్కసారి. ఖాళీ కనిపిస్తే ఇంకో పువ్వు, ఇంకో చుక్క వేయాలనిపిస్తుంది, ఆగండి. ఆ తెల్లటి చోటే అక్షరాన్ని ఎత్తి చూపిస్తుంది. మా తాతయ్యకు చూపు మందగించాక కార్డు మీద ఆకులు తగ్గించి అక్షరాలు పెద్దవి చెక్కాను. ఎవరికి పంపుతున్నామో వాళ్లను తలుచుకుంటే ఎంత వేయాలో దానంతటదే తెలుస్తుంది.

బంగారు రంగులో ఉబ్బెత్తుగా కావాలంటే పిగ్మెంట్ ఇంకుతో అచ్చు వేసి, తడి ఆరకముందే ఎంబాసింగ్ పౌడర్ చల్లి, మిగిలింది దులిపేసి హీట్ గన్‌తో వేడి చేయాలి. పౌడర్ కరిగి మెరుస్తుంది. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో ఇది కుదరదు. దాని గాలికి పౌడర్ ఎగిరిపోతుంది, కరిగేంత వేడి రాదు.

పిల్లలుంటే

పిల్లలకు కట్టర్ ఇవ్వొద్దు, బెండకాయ ఇవ్వండి. కాస్త ముదురు కాయను అడ్డంగా కోస్తే మామూలుగా అయిదు గదులు కనిపిస్తాయి, అద్దితే అయిదు రేకుల పువ్వు. అచ్చం వేపపువ్వుకు సరిపోతుంది. కోసిన వెంటనే వాడకండి, జిగురుకు రంగు అంటదు. పాత గుడ్డ మీద ఒత్తి, పది నిమిషాలు గాలికి ఆరనివ్వాలి. అరటి ఆకు కాడను అడ్డంగా కోసి అద్దినా జల్లెడలాంటి చక్కటి గళ్లు పడతాయి. వీటికి పోస్టర్ కలర్ చాలు. కాయ ఆ పూటకే, మర్నాటికి వాడిపోతుంది.

అదే అచ్చుతో కానుకలు

వాడకుండా మిగిలిన కార్డు షీటును 5 x 15 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి ఒక మూల ఆకు వేసి, పైన పంచ్‌తో రంధ్రం చేసి పురికొస కడితే పుస్తకంలో పెట్టుకునే గుర్తు అవుతుంది. ఇంకా చిన్న ముక్కలైతే కానుక మీద పేరు రాసి కట్టే చీటీలు.

పేరంటానికి పసుపు కుంకుమ పొట్లాలు చేస్తే ముద్ర ముందు వేసి, పూర్తిగా ఆరాక మడవండి. మడిచాక వేస్తే మడత గట్ల మీద అచ్చు విరుగుతుంది. సున్నుండలు, బెల్లం లాంటి తినేవి పెడుతున్నారా, అయితే ఇంకు పొట్లం బయటివైపే ఉండాలి, లోపల వేరే కాగితం పెట్టండి. ఈ ఇంకులు తినే వస్తువుకు తగలకూడదు.

అందరికీ నచ్చేది తాంబూలం పెట్టి ఇచ్చే గుడ్డ సంచి. కోరా కాటన్ గుడ్డను ముందు ఉతికి గంజి వదిలించి, ఇస్త్రీ చేయండి. గంజి ఉంటే రంగు పైనే నిలిచి మొదటి ఉతుకుకే పోతుంది. దీనికి స్టాంప్ ప్యాడ్ ఇంకు పనికిరాదు, గుడ్డల మీద వేసే ఆక్రిలిక్ రంగు వాడాలి. అచ్చును రంగులో ముంచకుండా స్పాంజితో పలుచగా అద్దండి. సంచి లోపల అట్ట ముక్క పెట్టకపోతే రంగు వెనకవైపుకు దిగిపోతుంది. ఒక రోజంతా ఆరనిచ్చి, గుడ్డను తిరగేసి వెనకవైపు నుంచి ఇస్త్రీ చేస్తే రంగు పట్టుకుంటుంది. మూడు రోజులు ఆగి ఉతకొచ్చు. ఆక్రిలిక్ రంగు రబ్బరు మీద ఎండిందంటే ఇక రాదు, అందుకని అద్దడం అవగానే తడిగుడ్డతో తుడిచేయండి.

దాచుకోవడం, పంపడం

అచ్చులను తడిగుడ్డతో ఒత్తి తుడవండి, రుద్దొద్దు. ఆరాక కాగితంలో చుట్టి పెట్టండి. ప్లాస్టిక్ డబ్బాలో నేరుగా వేస్తే కొన్ని నెలలకు రబ్బరు దానికి కరుచుకుపోతుంది, ఊడదీస్తే అక్షరం చెడుతుంది. డై ఇంకు ప్యాడ్లను మూత గట్టిగా పెట్టి బోర్లించి ఉంచితే ఇంకు పైకి చేరి ఉంటుంది.

పోస్టులో పంపేవాళ్లకు ఒక లెక్క. 250 జీఎస్‌ఎం ఎ4 షీటు సుమారు 15.6 గ్రాములు. మన కార్డు అందులో సగం కాబట్టి దాదాపు 8 గ్రాములు. కవరు, లోపల ఒక చిన్న ఉత్తరం కలిపినా 20 గ్రాములు దాటదు, మామూలు ఉత్తరం మొదటి రేటులోనే వెళ్తుంది. హీట్ గన్‌తో చేసిన బంగారు రంగు ఉంటే దాని మీద ఒక బటర్ పేపర్ ముక్క పెట్టి మూయండి. కవరు మీద అడ్రసు బాల్‌పెన్‌తోనే రాయండి, జెల్ పెన్ను తడికి పాకుతుంది. కవరు వెనక, మూత అతికే చోట, ఒక్క లేత మామిడాకు వేసి పోస్టు డబ్బాలో వేసేయండి.